పేరు తెలిసినది – ఊరు తెలియలేదు

మన పాఠశాల పత్రికకు ఏదైన ఒక వ్యాసము వ్రాసి పంపుడని మా తెలుగు పండితులు వర్తమానము పంపినప్పుడు, దేనినిగురించి వ్రాయుదుమా అని మేము కొంతకాలము ఆలోచించితిమి. మేము ముగ్గురము ఈ పాఠశాలలోనే పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమమున చదివినవారము. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము, సంతలో కన్నడము, కళాశాలలో ఇంగ్లీషు – హోసూరు ప్రాంతపు బిడ్డలకు ఈ నాలుగు భాషల బ్రదుకు క్రొత్త కాదు. ఇంజనీరింగు చదువు ముగించి వేరువేరు కర్మాగారములలో పని చేయుచున్నను, సెలవు దినములలో ఒకచోట చేరి చిన్న చిన్న యంత్రములు చేయుట మాకు అలవాటు. అట్టి యంత్రమొకటి మమ్ము రెండు రాత్రులు నిద్ర పోనీయలేదు. ఆ వృత్తాంతమును, దానినుండి మేము నేర్చుకొనిన పాఠమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును నివేదింపదలచితిమి.

గత సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన, జాతీయ విజ్ఞాన దినోత్సవమునాడు, మన పాఠశాలలో ప్రదర్శనము జరిగినది. దానికి ఒక రోబోను చేసి తెత్తుమని మేము ప్రధానోపాధ్యాయులకు మాట ఇచ్చియుంటిమి. రోబో అనగానే సినిమాలోని ఇనుపమనిషి మనసునకు వచ్చును. మాది అట్టిది కాదు. రెండు చక్రములు, ఒక కెమెరా, ఒక బ్యాటరీ, అరచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరు – ఇంతియే దాని శరీరము. ఎదుట ఎర్రబంతి దొర్లించినచో అది ఎటు పోయిన అటు తిరిగి వెంబడించుట దాని పని.

శరీరము మేము బిగించినదే గాని, బుద్ధి అంతయు మేము వ్రాసినది కాదు. నేడు రోబోలు చేయువారెవ్వరును సమస్తమును తామే వ్రాయరు. ఇతరులు వ్రాసి లోకమునకు ఇచ్చిన ప్రోగ్రాముల సంచయములను వాడుకొందురు. వీనిని లైబ్రరీలు అందురు. అమెరికాలోని విల్లో గ్యారేజ్ అను సంస్థలో 2007 ప్రాంతమున రూపు దిద్దుకొననారంభించిన రాస్ అను రోబో వ్యవస్థలో రెండవ తరమునకు చెందిన, 2022లో వెలువడిన హంబుల్ అను కూర్పును మేము తీసికొంటిమి. బొమ్మలో ఎరుపు ఎక్కడ ఉన్నదో కనుగొనుటకు, ఇంటెల్ సంస్థలో 1999లో ఆరంభమైన ఓపెన్‌సీవీ అను లైబ్రరీని ఎంచుకొంటిమి. చక్రములు త్రిప్పు చిన్న లైబ్రరీని మాత్రము మాలో ఒకరు సీ భాషలో వ్రాసిరి. మిగిలినది సీ ప్లస్ ప్లస్ భాషలో వ్రాసితిమి.

ప్రదర్శనము ఇంక రెండు దినములున్నదనగా, మాలో ఒకరి ఇంటి వసారాలో కూర్చుండి, రాత్రి తొమ్మిది గంటలకు ప్రోగ్రామును కూర్చుమని కంప్యూటరునకు ఆజ్ఞ ఇచ్చితిమి. కొంతసేపు అంతయు సవ్యముగనే సాగినది. అటుపిమ్మట తెర నిండ పంక్తులు పంక్తులుగా తప్పులు కురిసినవి. ప్రతి పంక్తిలోను ఒకటే మాట: ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’. మజ్జిగ తెచ్చి ఇచ్చిన ఇంటి తల్లి ఆ ఎర్రని అక్షరములను చూచి, “ఏం నాయినా, ఎర్రగా ఏమో తిడతా ఉందే?” అని అడిగెను. మేము నవ్వితిమి. కాని లోపల మాకును తిట్టినట్లే ఉండెను.

పదకొండు గంటలకు ఆ ఇంటి తండ్రి బయటికి వచ్చి చూచి, మెల్లగా ఒక మాట అనెను: “ఇంగ్లీషు బళ్లో చదివినోళ్లకయితే ఇది వెంటనే తెలిసిపోతుందేమో. మిమ్మల్ని తెలుగు బళ్లో వేసి తప్పు చేసినామా ఏమో. చిన్నదాన్నయినా వచ్చే ఏడు మార్చాల.” చిన్నది అనగా మా మిత్రుని చెల్లెలు; అప్పుడు మన పాఠశాలలోనే ఎనిమిదవ తరగతి చదువుచుండెను. గడప వద్ద నిలిచి ఆ మాట వినుచునే ఉండెను. మేము మారు పలుకలేకపోతిమి. కళాశాలలో మొదటి సంవత్సరమున ఆ సంశయమే మా మనస్సులలోను ఉండెడిది. ఉపాధ్యాయుడు ప్రశ్న అడిగిన, సమాధానము తెలిసియు నోరు మెదపక కూర్చున్న దినములు మాకు జ్ఞాపకమున్నవి.

ఆ రాత్రి మేము చేసినదంతయు భయముతో చేసినదే. ఓపెన్‌సీవీని తీసివేసి మరల స్థాపించితిమి, ఫలము లేదు. మరియొకసారి స్థాపించితిమి; అదే తిట్టు. ఎవరో ఎక్కడనో వాడిన ఆజ్ఞలను అర్థము తెలియకయే టైపు చేసితిమి. మందు పేరు తెలియక అంగడిలోని సీసాలన్నియు త్రాగించినట్లుండెను మా వైద్యము. చదువవలసినదానిని మాత్రము చదువలేదు. తెరపై వ్రాసియున్న మాటలను మేము చూచితిమే గాని చదువలేదు.

రెండు గంటలు దాటిన తరువాత మాలో ఒకరికి మన తెలుగు తరగతి జ్ఞాపకము వచ్చినది. కఠినమైన పద్యము ఎదురైనప్పుడు మా పండితులు మమ్ము భావము అడిగెడివారు కారు. “ముందు పదములు విడదీయుడు. క్రియను పట్టుకొనుడు. ఈ పదము దేనితో అన్వయించునో వెదకుడు” అనెడివారు. అన్వయము కుదిరినచో భావము తనంతట తానే వచ్చుననుట వారి మతము. సరే, తిట్టునకును ప్రతిపదార్థము వ్రాయుదమని, తప్పులలో మొదటి పంక్తిని మాత్రము ఒక కాగితముమీద ఎక్కించుకొంటిమి.

అందులో మూడు సంగతులు ఉండెను. మొదటిది, మా ఫైలు పేరు. రెండవది, దానిలో ఏ భాగమునందు లోటు కలిగినదో ఆ భాగము పేరు. మూడవది, దొరకని వస్తువు పేరు – ‘వీడియోకాప్చర్’. అనగా కెమెరానుండి బొమ్మలను తెచ్చునది. “నీ ఫైలులో ఫలానాచోట వీడియోకాప్చర్ అను పేరు వాడితివి; ఆ పేరుగలది నాకు ఎక్కడను కనబడలేదు” అనుటయే ఆ పంక్తి భావము. ఇందులో తిట్టు ఏమున్నది? అది ఒక సేవకుడు వినయముగా అడిగిన ప్రశ్నవలె ఉన్నది.

ఇక్కడ విద్యార్థులకు కొంచెము వివరింపవలెను. మనము వ్రాసిన ప్రోగ్రాము యంత్రమునకు పనికివచ్చు రూపము పొందుటకు రెండు మెట్లు కలవు. మొదటి మెట్టున కంపైలరు అనునది ఒక్కొక్క ఫైలును విడివిడిగా చదివి యంత్రభాషలోనికి మార్చును. పరాయి లైబ్రరీలోని పని మనకు కావలసియున్నచో, ఆ లైబ్రరీవారు ఇచ్చిన హెడరు అను పట్టికను చూపుదుము. “ఇట్టి పేరుగలది ఒకటి కలదు, దానికి ఇట్టి విలువలు ఇయ్యవలెను” అని మాత్రమే సాధారణముగా ఆ పట్టికలో ఉండును. కంపైలరు ఆ మాట నమ్మి, ఆ చోటును ఖాళీగా విడిచి ముందునకు సాగును. రెండవ మెట్టున లింకరు అనునది వచ్చి, విడివిడి ముక్కలనన్నిటిని ఒకటిగా కలిపి, ఆ ఖాళీలను పూరింపవలెను. అది పట్టికను చూడదు, వస్తువునే అడుగును. ఉత్తరముమీద పేరు వ్రాసి ఊరు వ్రాయనిచో తపాలావాడేమి చేయగలడు? మేము చేసిన తప్పు సరిగా ఇదే. సీమేక్ అను కూర్పుసాధనమునకు మేము వ్రాసి ఇచ్చిన ఫైలులో హెడరుల జాడ తెలిపితిమి. లైబ్రరీతో కలుపుమని చెప్పలేదు. పేరు తెలిసినది, ఊరు తెలియలేదు.

దీనికి మందు రెండు పంక్తులు. ‘ఫైండ్ ప్యాకేజీ’ అను ఆజ్ఞ లైబ్రరీ ఎక్కడ ఉన్నదో వెదకును. ‘టార్గెట్ లింక్ లైబ్రరీస్’ అను ఆజ్ఞ ఫలానా ప్రోగ్రామును ఫలానా లైబ్రరీతో కలుపును. మొదటిది మాత్రము వ్రాసి రెండవది మరచినచో, పెండ్లివారి ఇల్లు కనుగొని లోపలికి పోక తిరిగివచ్చినట్లు. ఒక మిత్రుని పాత ప్రోగ్రామునుండి చూచి, ఓపెన్‌సీవీలోని ‘కోర్’, ‘ఇమ్‌జీప్రాక్’ అను రెండు భాగములను కలిపితిమి. తప్పులలో చాలభాగము మాయమైనవి. వీడియోకాప్చర్ మాత్రము మిగిలినది. ఆ మిత్రుని ప్రోగ్రాములో కెమెరా లేదు. అతనికి ఆ రెండే చాలినవి. మాకు చాలవు.

అప్పుడు ‘ఎన్‌ఎమ్’ అను చిన్న పనిముట్టును తెలిసికొంటిమి. ఒక లైబ్రరీలో ఏయే పేర్లు నిజముగా కాపురమున్నవో అది జాబితా వ్రాసి చూపును. లోపల ఉన్నదానికి ఒక గుర్తు, బయటినుండి రావలసినదానికి వేరొక గుర్తు. వెదకగా మా వీడియోకాప్చర్ ‘వీడియోఐఓ’ అను భాగములో కనబడినది. 2015లో ఓపెన్‌సీవీ మూడవ కూర్పు వెలువడినప్పుడు కెమెరా పనిని ‘హైగుయి’ అను పాత భాగమునుండి తీసి ఈ క్రొత్త భాగములో ఉంచిరి. కావున అంతకు పూర్వపు పుస్తకములు చూచి వ్రాయువారు ఈ చిక్కులో పడుదురు. వస్తువు లేకపోలేదు, కాపురము మారినది. ఆ భాగమును కలిపినంతనే ఓపెన్‌సీవీ తప్పులన్నియు తొలగినవి. అప్పుడు సమయము తెల్లవారుజామున మూడు గంటలు.

మరునాటి రాత్రి వంతు చక్రములది. వానిని త్రిప్పు ఫంక్షను మా లైబ్రరీలో ఉన్నదని ఎన్‌ఎమ్ చూపుచునే యుండెను. లేదని లింకరు మొండికెత్తెను. ఇద్దరిలో ఎవరు అబద్ధము? ఎవరును కారు. సీ ప్లస్ ప్లస్ భాషలో ఒకే పేరుగల ఫంక్షనులు పెక్కు ఉండవచ్చును. తీసికొను విలువలనుబట్టి వానిని వేరుపరుతురు. అందుకై కంపైలరు అసలు పేరునకు ముందు దాని అక్షరముల సంఖ్యను, వెనుక విలువల జాతిని తెలుపు అక్షరములను చేర్చి క్రొత్త పేరు పెట్టును. సీ భాషకు ఈ అలవాటు లేదు. ఉన్న పేరునే ఉంచును. మన ప్రాంతమున ఇంట ఒక పేరు, బడి రిజిస్టరులో తండ్రి పేరు మొదటి అక్షరముతో మరియొక పేరు ఉండుట లేదా? రిజిస్టరు పేరుతో పిలిచిన వీధిలో ఎవరును పలుకరు. లింకరు వెదకునది అలంకరించిన పేరు. మా లైబ్రరీలో ఉన్నది ఇంటి పిలుపు. హెడరులో ‘ఎక్స్‌టర్న్ సీ’ అను గుర్తు పెట్టి, “వీరు సీ భాషవారు, వీరిని ఇంటి పేరుతోనే పిలువుము” అని తెలిపినంతనే ఇరువురికి పొత్తు కుదిరినది.

చక్రములను విడిగా పరీక్షించుటకు ఆజ్ఞను చేతితో టైపు చేసినప్పుడు వేరొక వింత జరిగినది. పేరు సరియే, లైబ్రరీ సరియే, అయినను అదే తప్పు. మేము లైబ్రరీ పేరును ముందు వ్రాసి, ప్రోగ్రామును తరువాత వ్రాసియుంటిమి. మా లైబ్రరీవలె ముక్కల మూటగా కట్టిన లైబ్రరీలను లింకరు ఎడమనుండి కుడికి చూచుకొనుచు పోవును. అప్పటికి ఎవరైన కోరియున్న ముక్కనే మూటనుండి తీసికొనును. సరకుల చీటీ చేతికి రాకముందే అంగడి దాటిపోయిన బాలుడు ఏమి కొని తెచ్చును? కావలసినవాడు ముందు, ఇచ్చువాడు వెనుక – ఇది నియమము. వరుస మార్చితిమి, చక్రములు తిరిగినవి.

కాలము కలిసివచ్చునని, మా పెద్ద కంప్యూటరులో కూర్చిన చక్రముల లైబ్రరీనే రోబోలోని చిన్న కంప్యూటరునకు నకలు చేసితిమి. లింకరు ‘స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్’ అని చెప్పి దానిని ముట్టక పోయినది. రెండు కంప్యూటరుల ప్రాసెసరులు వేరు జాతులు. మా పెద్దదానిది ఎక్స్86 జాతి, రాస్ప్‌బెర్రీ పైది ఆర్మ్ జాతి. ఒకదాని యంత్రభాష రెండవదానికి తెలియదు. మూలమును చిన్న కంప్యూటరులోనే మరల కూర్చితిమి. ఈ తప్పునకు ఐదు నిమిషములే పట్టినది. మొదటిదానికి ఆరు గంటలు పట్టినది. మా తెలివి ఒక్క దినములో పెరుగలేదు. చదువుట మాత్రము నేర్చితిమి.

చివరకు కూర్పు పూర్తియైన తరువాతను, ప్రోగ్రామును నడుపబోగా, లైబ్రరీ ఫైలును తెరువలేకపోతినని మరియొక సందేశము వచ్చినది. ఇది లింకరు మాట కాదు. ప్రోగ్రాము నడుచునప్పుడు లైబ్రరీలను పిలిచి తెచ్చు లోడరు మాట. మేము మూటగా కట్టిన లైబ్రరీని, ఇతర ప్రోగ్రాములును పంచుకొనగల రూపమున మరల కూర్చి, మా స్వంత సంచిలో ఉంచియుంటిమి. ఆ సంచిని లోడరు ఎరుగదు. ‘ఎల్‌డీడీ’ అను పనిముట్టుతో ఏది దొరకలేదో చూచి, ఆ చోటును లోడరు పట్టికలో చేర్చితిమి. ఎవరు అడుగుచున్నారో తెలిసికొనినగాని ఎవరికి సమాధానము చెప్పవలెనో తెలియదు.

ఈ పని ఎంత పాతదో తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యము కలిగినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను కంప్యూటరు 1949 మే నెలలో మొదటి ప్రోగ్రామును నడిపినది. అక్కడివారు మాటిమాటికి కావలసిన లెక్కలను కాగితపు పట్టీలపై రంధ్రములుగా పొడిచి, బీరువాలో భద్రపరచి, కావలసినవారు నకలు తీసి తమ పట్టీతో కలుపుకొనునట్లు ఏర్పాటు చేసిరి. విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు ఈ పద్ధతినిగురించి 1951లో ఒక గ్రంథమే ప్రకటించిరి. లైబ్రరీ అను పేరు అట్టి బీరువాలనాటిది. ఒకరి పనిని మరియొకరి పనితో పొసగించుటలో చిక్కులు నాటినుండియు కలవు. ఇవి తెలుగు మాధ్యమమువారికొరకు ప్రత్యేకముగా పుట్టినవి కావు. మా కార్యాలయములలో ఇంగ్లీషు బడులలో చదివివచ్చిన మిత్రులును ఇదే సందేశమును చూచి ఇట్లే తల పట్టుకొనుటను ఆ తరువాత గమనించితిమి.

అయినను ఇంగ్లీషు అక్కరలేదని మేము చెప్పుట లేదు. సందేశములు ఇంగ్లీషులోనే వచ్చును, గ్రంథములు ఇంగ్లీషులోనే ఉన్నవి, శ్రద్ధతో నేర్వవలెను. ‘రిఫరెన్స్’ అను మాటకు ఇక్కడి అర్థము మాకు ఎవరును తెలుగులో చెప్పలేదు, వెదకి నేర్చుకొంటిమి. ఆ నేర్పు ఆలస్యమైనందుకు కొంత నష్టపోతిమి గూడ. మేము చెప్పునది వేరు. ఆ రాత్రి మమ్ము నిలిపివేసినది ఇంగ్లీషు రాకపోవుట కాదు. ఆ పంక్తిలోని మాటలు మాకు తెలిసినవే. ఇది మాబోటివారికి కాదను భయమే మా కన్నులను చదువనీయలేదు. భయము పోయిన క్షణమున మాకు తోడ్పడినది మన తరగతి గదిలో నేర్చిన అన్వయమే. పాత చిత్తూరు జిల్లాలోని కాటూరు అను పల్లెలో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి గారు, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1979లో నెలకొనిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూటునకు మొదటి సంచాలకులైరి. 1994లో ట్యూరింగ్ బహుమానము పొందిరి. రోబోల విద్య తెలుగింటి బిడ్డకు అందరానిదని ఎవరైన అన్నచో ఈ ఒక్క పేరు చెప్పిన చాలును.

ప్రదర్శనమునాడు మా రోబో ఎర్రబంతి వెంట పోయినది. రెండుసార్లు బంతిని విడిచి, ఎర్రచీర కట్టిన ఒక తల్లి వెంట పోయి అందరిని నవ్వించినది. దానిని సరిచేయుట మిగిలియున్నది. మా మిత్రుని తండ్రి వెనుక వరుసలో నిలిచి చూచుచుండెను. దగ్గరకు వచ్చి బడినిగురించి ఏమియు అనలేదు. “ఆ దొరకనిది ఎక్కడుండె?” అని మాత్రము అడిగెను. మేము చెప్పబోవునంతలో ఆయన కుమార్తె అందుకొని, “అది ఉండే ఊరు మారిపోయిందంట నాయినా, వీళ్లు పాత ఊరికి పోయి వెదికినారంట” అనెను. మేము ఆ బిడ్డకు ఏమియు నేర్పలేదు. రెండు రాత్రులును గడప వద్ద కూర్చుండి తానే విని తెలిసికొనినది.

ఆమె ఇప్పుడు మన పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుచున్నది. మరుసటి ఏడు ఎక్కడ చదువవలెననుట ఆ కుటుంబము నిర్ణయింపవలసిన విషయము. మేము సలహా చెప్పువారము కాము. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటియే: బిడ్డ తడబడినప్పుడు, తప్పు బడిదా భాషదా అని తీర్పు చెప్పుటకు ముందు, ఆ బిడ్డకు దొరకనిది ఏదో అడిగి తెలిసికొనుడు. విద్యార్థులకు మా మనవియు అట్టిదే. తెర నిండ తప్పులు వచ్చినప్పుడు మొదటి పంక్తిని కాగితముమీద వ్రాసికొనుడు. ఏ పేరు దొరకలేదో, ఆ పేరునకు ఊరు ఏదో విచారింపుడు. మీకు సాధ్యము కానిచో మాకు వ్రాయుడు. పంక్తిని మాత్రము పూర్తిగా వ్రాయుడు.